నాన్న జేబులో రోటర్

మొన్న శ్రావణంలో మా పిన్ని మనవడి పెళ్ళికి అమలాపురం వెళ్ళాను. పెళ్ళికొడుకుని మండపానికి తీసుకెళ్ళడానికి తెల్ల అంబాసిడర్ ఒకటి అద్దెకు తెచ్చారు. ఈ మధ్య పెళ్ళి ఫోటోల్లో ఆ బండి ఉండటం ఒక ముచ్చట అయిపోయింది కదా. బంతిపూల దండలు చుట్టారు, అద్దం మీద పేర్లు అంటించారు, పెళ్ళికొడుకు ఎక్కి కూర్చున్నాడు. బండి మాత్రం కదల్లేదు. రాత్రంతా కుండపోత వాన. డ్రైవరు కుర్రాడు సెల్ఫ్ కొడుతూనే ఉన్నాడు, ఇంజన్ తిరుగుతూనే ఉంది, అంటుకోవడం లేదు. సన్నాయి వాళ్ళు వాయించిందే మళ్ళీ వాయిస్తున్నారు. ముహూర్తం టెన్షన్‌తో మా పిన్ని గుమ్మంలోకీ వీధిలోకీ తిరుగుతోంది.

కుర్రాడు బానెట్ ఎత్తగానే ఆ వాసన వచ్చింది. కాలకుండా మిగిలిన పెట్రోలు, పాత ఆయిల్ మడ్డి, తడిసిన రబ్బరు గొట్టాలు, అన్నీ కలిసిన వాసన. ఎన్నేళ్ళయిందో అది పీల్చి. తెలియకుండానే బండి దగ్గరికి నడిచాను.

"తమ్ముడూ, ఆ నల్ల మూత విప్పి లోపల పొడిగుడ్డతో తుడువు" అన్నాను.

అతను నా పట్టుచీర వైపూ నా మొహం వైపూ మార్చి మార్చి చూశాడు. "కరెంటు రావట్లేదండీ..."

"అందుకే తుడవమంటున్నా."

రెండు క్లిప్పులు పక్కకి లాగి మూత తీశాడు. లోపలంతా సన్నటి తేమ. మూతా, వైర్లూ, కాయిల్ మూతీ తుడిచాక రెండో సెల్ఫ్‌కే అందుకుంది. అందరూ నా వైపు వింతగా చూస్తుంటే, అమెరికా నుంచి వీడియో కాల్‌లో పెళ్ళి చూస్తున్న మా అన్నయ్య ఒక్కడే మామూలుగా, "గ్యాప్ ఎంతుందో చూశావా?" అని అడిగాడు. మా ఇంట్లో పెరిగినవాడు ఇంకేం అడుగుతాడు!

* * *

నాన్న కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఎనభైల మొదట్లో, ప్రాక్టీసు మానేసి మద్రాసు వెళ్ళిపోతున్న ఒక డాక్టరు గారి దగ్గర బూడిద రంగు మార్క్ టూ అంబాసిడర్ కొన్నారు. కొత్త కారు కావాలంటే బుక్ చేసుకుని ఏళ్ళ తరబడి కాచుక్కూర్చోవాల్సిన రోజులవి. మారుతి 800 ఇంకా రోడ్డు మీదికి రాలేదు. ఉన్నదల్లా అంబాసిడర్, ఫియట్, ఎక్కడో ఒక స్టాండర్డ్. లెక్చరర్ జీతానికి పాత బండే ఎక్కువ. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పేరుతో పుట్టి, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో మన బండిగా మారిన కారు అది. 1489 సీసీ ఇంజన్, స్టీరింగ్ కింద చేతి గేరు, ముందు బంపర్ దగ్గర హ్యాండిల్ దూర్చడానికి ఒక కన్నం.

"నాకు ఆడపడుచులు లేరని ఈవిణ్ణి తెచ్చారా?" అంది అమ్మ, మొదటి నెలలోనే. అన్నది ఎంత తిరకాసుగా ఉన్నా మాటలో నిజముంది. ఆ బండికి ఎప్పుడేం కోపం వస్తుందో తెలిసేది కాదు. ఎండాకాలం ఒక రకం అలక, వానాకాలం ఇంకో రకం. కోనసీమలో గాలిలోనే నీళ్ళుంటాయి. చుట్టూ కాలవలు, కొబ్బరి తోటలు, జూన్ నుంచి నవంబరు దాకా ఆరని బట్టలు. పొద్దున్నే కాలేజీకి బయల్దేరే వేళకి డిస్ట్రిబ్యూటర్ మూతలో చెమ్మ చేరి ఉండేది.

ఇప్పటి పిల్లలకి డిస్ట్రిబ్యూటర్ అంటే ఏమిటో చెప్పాలి. మాకు మాత్రం అ ఆల తర్వాత అదే. బ్యాటరీలో ఉండేది 12 వోల్టులు. దాంతో ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టదు. కాయిల్ అనే తీగచుట్టలో పారే కరెంటుని, పాయింట్లు అనే రెండు చిన్న లోహపు మొనలు ఠక్కున విడిపోయి తెంపగానే, ఆ దెబ్బకి కాయిల్ లోపల ఇరవై వేల వోల్టుల దాకా పుడుతుంది. అది మూత నడినెత్తిన ఉన్న కార్బన్ ముక్క గుండా రోటర్ మీదికి దిగుతుంది. రోటర్ గుండ్రంగా తిరుగుతూ ఒకటి, మూడు, నాలుగు, రెండు వరసలో నాలుగు ప్లగ్గులకీ దాన్ని పంచిపెడుతుంది. అమెరికాలో కెటరింగ్ అనే ఇంజనీరు 1910 ప్రాంతంలో క్యాడిలాక్ కార్ల కోసం కనిపెట్టిన పద్ధతి ఇది. డెబ్భై ఏళ్ళ తర్వాత మా పెరట్లో కూడా ఏమీ మారలేదని నాన్న మురిసిపోయేవారు. అది పొగడ్తో, మన దేశం మీద ఫిర్యాదో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆయనకి అదొక క్లాసురూమ్. "ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోంది. డిస్ట్రిబ్యూటర్ అందులో సగమే తిరుగుతుంది. ఒక్కో చుట్టుకీ పాయింట్లు నాలుగుసార్లు తెరుచుకోవాలి. మొత్తం నిమిషానికి ఎన్నిసార్లు?" అని పళ్ళు తోముకుంటుంటే అడిగేవారు. ఆరు వేలు. అంటే సెకనుకి వందసార్లు. నోట్లో నురగతోనే చెప్పాలి, లేకపోతే కాఫీ రాదు.

* * *

ఆదివారం. సంక్రాంతి ముందొకసారి, వానలు మొదలయ్యే ముందొకసారి, మధ్యలో నాన్నకి మనసు పుట్టినప్పుడల్లా. రేడియోలో పాటలు వస్తుండేవి. నాన్న పాత లుంగీ, చిల్లుల బనీను వేసుకుని బానెట్ ఎత్తేవారు. అమ్మ ముందే మెత్తబడిన నేతచీర ముక్కలు, ఒక చిన్న స్టీలు గిన్నె తెచ్చి ఫెండర్ మీద పెట్టేసేది. ఆ గిన్నె మొదటిరోజు వంటింట్లోంచి వచ్చింది, మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. స్క్రూలకే అంకితమైపోయింది.

ముందు ప్లగ్గులు నాలుగూ విప్పి, ఏది ఏ సిలిండర్‌దో కలిసిపోకుండా పేపర్ మీద వరసగా పేర్చేవారు. మొనలు లేత గోధుమరంగులో ఉంటే ఆనందం, మసి పట్టి ఉంటే కార్బురేటర్‌కి తిట్లు. ప్లగ్గులు తీసేస్తే హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. అది అన్నయ్య పని. "బొటనవేలు మిగతా వేళ్ళతో కలిపి పట్టుకో. చుట్టూ బిగించావంటే ఒక్కోసారి ఇంజన్ వెనక్కి తన్ని వేలు విరుస్తుంది" అని ప్రతిసారీ చెప్పేవారు. ప్లగ్గులు లేని ఇంజన్ తన్నదని అన్నయ్యకి తెలుసు, నాన్నకీ తెలుసు. అయినా చెప్పేవారు.

తర్వాత మూత. టిక్, టిక్ అని రెండు క్లిప్పులు. దాన్ని బోర్లించి ఎండకేసి పట్టి, లోపలి గోడ మీద వెంట్రుకవాసి నల్లగీత ఏమైనా పడిందేమోనని వెతకాలి. మూతకి పగులొస్తే ఇరవై వేల వోల్టులు ఆ గీత వెంట పక్కదారి పట్టిపోతాయి. నడిమధ్య కార్బన్ ముక్కని వేలితో నొక్కితే లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి రావాలి. రోటర్‌ని పైకి లాగితే పట్టు వదిలి చిన్నగా చప్పుడు చేస్తూ ఊడొచ్చేది. దాని ఇత్తడి మొన మీద నల్లటి చారిక.

ఆ కింద పాయింట్లు. గోరంత ఉంటాయి. పాతబడితే ఒకదాని మీద చిన్న గుంట పడుతుంది, ఆ గుంటలో పోయిన లోహం ఎదుటిదాని మీద మొటిమలా పేరుకుంటుంది. కొంచెమే అయితే ఎమరీ పేపర్‌తో రుద్ది సాపు చేయడం, మరీ ఎక్కువైతే కొత్త సెట్టు వేయడం. ఇక్కడ నా వంతు వచ్చేది. ఇంట్లో అందరికంటే సన్నటి వేళ్ళు నావి కాబట్టి ఆ స్క్రూలు విప్పే పని నాదే. స్క్రూడ్రైవర్ కొసకి కాస్త గ్రీజు రాస్తే స్క్రూ దాన్ని అంటిపెట్టుకుని వస్తుంది, జారిపడదు. "లోపల పడిందా, మొత్తం డిస్ట్రిబ్యూటర్ ఊడదీయాలి, ఇవాళ మనకి మధ్యాహ్నం భోజనం లేదు" అనేవారు నాన్న. స్ప్రింగ్ కింద చిన్న ఫైబర్ వాషర్ ఉంటుంది. అది పెట్టడం మరిచిపోతే కరెంటంతా ఎర్త్ అయిపోతుంది. ఎన్ని సెల్ఫులు కొట్టినా బండి పలకదు.

కొత్త పాయింట్లు బిగించాక గ్యాప్ పెట్టడం. అన్నయ్య హ్యాండిల్ తిప్పుతుంటే నేను లోపలికి వంగి చూస్తూ ఉండేదాన్ని. మధ్యలో ఉన్న నాలుగు పలకల ఇరుసు తిరుగుతూ, ఒక పలక అంచు పాయింట్ మడమని తోస్తుంది. బాగా తోసి, సందు పూర్తిగా తెరుచుకున్నచోట ఆగాలి.

"ఆపు! ... ఇంకొంచెం ... అబ్బా, దాటిపోయింది. మళ్ళీ చుట్టు తిప్పు."

అప్పుడు ఫీలర్ గేజ్. చాకులా మడతపడే ఉక్కు రేకుల కట్ట. అందులో పదిహేను అని రాసి ఉన్న రేకు, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. మిల్లీమీటరులో సగం కూడా లేదు. దాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచి సందులో దూర్చాలి. బిగుసుకుంటే తక్కువ, గాలిలో ఆడితే ఎక్కువ. తగిలీ తగలనట్టు జారాలి. ఆ జారడం ఎలా ఉండాలో నాన్న చెప్పలేదు, నా చేతిని తన చేత్తో పట్టుకుని మూడు నాలుగుసార్లు లోపలికీ బయటికీ జరిపించారు, అంతే. ఇప్పటికీ ఆ పట్టు నా వేళ్ళకి తెలుసు. స్క్రూ బిగించేటప్పుడు సందు మళ్ళీ మారిపోతుంది, అదొక తలనొప్పి. అందుకని బిగించాక ఇంకోసారి చూడాల్సిందే.

టైమింగ్‌కి, అంటే నిప్పురవ్వ ఏ క్షణంలో పడాలో సరిచేయడానికి, మామ్మ సాయం కావాలి. ఇంజన్ ముందు ఉన్న పుల్లీ అంచు మీద చిన్న గాటు ఉంటుంది, మడ్డిలో కనిపించదు. మామ్మ తాంబూలం పెట్టెలోంచి వేలికొసన కాస్త సున్నం తెచ్చి ఆ గాటులో పూస్తే తెల్లగా మెరిసేది. పాయింట్ల తీగకీ బాడీకీ మధ్య ఒక చిన్న బల్బు తగిలించి, స్విచ్ వేసి, అన్నయ్య హ్యాండిల్ మెల్లగా తిప్పుతుంటే, పాయింట్లు విడిపోయిన క్షణంలో బల్బు వెలుగుతుంది. ఆ క్షణంలో తెల్లగాటు ముల్లుకి ఎంత ఇవతల ఉందో చూసి డిస్ట్రిబ్యూటర్ని అటో ఇటో ఒక పిసరు తిప్పడం. "సున్నం నోట్లో వేసుకోవడానికి అనుకున్నాను గానీ, ఈ పుణ్యం కూడా ఉందన్నమాట" అనేది మామ్మ, అరుగు మీద ఆకులు ఈనెలు తీస్తూ.

ఒకసారి మూత మారుస్తూ అన్నయ్య తొందరలో పాత మూతకున్న వైర్లు నాలుగూ ఒకేసారి పీకేశాడు. ఒక్కోటీ తీసి ఒక్కోటీ కొత్త మూతకి తగిలించాలన్నది రూలు. వరస తప్పింది. సెల్ఫ్ కొట్టగానే సైలెన్సర్‌లో ఢామ్మని పేలితే, జామచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి, పక్కింటి మాస్టారు పంచె సర్దుకుంటూ వీధిలోకి పరిగెత్తుకొచ్చారు. వాడికి వారం పాటు ఇంట్లో పేరు "ఒకటి-రెండు-మూడు-నాలుగు."

* * *

నాన్నకి అంతుపట్టనివి సాయిబు గారి దగ్గరికి వెళ్ళేవి. బస్టాండు వెనక చింతచెట్టు కింద ఆయన షెడ్డు. షెడ్డంటే నాలుగు తాటి స్తంభాలు, రేకులు. డిస్ట్రిబ్యూటర్‌ని డెల్కో అనేవారాయన. పుస్తకం చూడరు, గేజ్ పెట్టరు. బీడీ పెట్టెలోంచి చింపిన అట్టముక్క సందులో పెట్టి చూసి వదిలేసేవారు. నాన్న ఇంటికొచ్చి రహస్యంగా గేజ్ పెట్టి కొలిస్తే పదిహేనే ఉండేది. అది నాన్నని చాలా బాధపెట్టింది.

"మాస్టారూ, మూడిటి మీదే నడుస్తోంది" అనేవారు, బండి ఇంకా షెడ్డులోకి రాకముందే. ఇంజన్ నడుస్తుండగానే ప్లగ్గు వైర్లు ఒక్కోటీ ఊడదీసేవారు. వైరు తీసినప్పుడు చప్పుడు తగ్గిందంటే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. ఏది తీసినప్పుడు చప్పుడు మారలేదో అదే మొండికేసిన సిలిండర్. మధ్యలో షాక్ కొడితే "హా" అని చెయ్యి విదిలించి, నా వైపు చూసి నవ్వి, "పాపా, నువ్వు ముట్టుకోకు" అనేవారు.

టైమింగ్ ఆయన చెవితో పెట్టేవారు. డిస్ట్రిబ్యూటర్ బిగింపు వదులు చేసి, ఇంజన్ గొంతు పెరిగేదాకా తిప్పి, అక్కణ్ణుంచి కొంచెం వెనక్కి. తర్వాత పరీక్ష. పికప్ చూడాలంటే టాప్ గేర్‌లో ఎత్తు ఎక్కించాలి. కోనసీమలో ఎత్తెక్కడుంది? అందుకని కాలవ వంతెన ఏటవాలు మీదికి తీసుకెళ్ళేవాళ్ళం. టాప్ గేర్‌లో ఎక్కేటప్పుడు ఇంజన్ లోపల గులకరాళ్ళు కదిలిన చప్పుడు కాస్త వచ్చి పోతే సరిగ్గా ఉన్నట్టు. అస్సలు రాకపోతే టైమింగ్ వెనకపడ్డట్టు, వంతెన దిగేదాకా వస్తూనే ఉంటే మరీ ముందుకెళ్ళినట్టు. నాన్న ఆ సాయంత్రం లెక్కలు వేసుకుని కూర్చునేవారు. చెవికి డిగ్రీలు ఎలా వినిపిస్తాయన్నది ఆయన బాధ.

ఆ రోజుల్లో డూప్లికేట్ సామాన్ల బెడద మాత్రం చెప్పనలవి కాదు. లూకాస్ టీవీఎస్ అట్టపెట్టెలాగే అచ్చుగుద్దిన పెట్టెలో ఎవరో చేసిన రోటర్లు వచ్చేవి. చూడ్డానికి తేడా తెలీదు, పది మైళ్ళు తిరిగాక కరెంటు ప్లాస్టిక్‌ని చీల్చుకుని కింద ఇరుసులోకి దిగిపోయేది. అందుకే మంచి రోటర్ దొరికితే నాన్న ప్రాణంలా చూసుకునేవారు.

ప్రాణంలా అంటే జేబులో పెట్టుకుని తిరిగేవారు. అన్నవరం వెళ్ళినా, రాత్రి సినిమాకెళ్ళినా, బండి ఆపి మూత ఎత్తి రోటర్ ఊడదీసి చొక్కా జేబులో వేసుకునేవారు. ఇక దొంగ వచ్చినా సెల్ఫ్ కొట్టుకుంటూ కూర్చోవాల్సిందే. చొక్కా జేబుల మీద నల్లటి మరకలు. చాకలి రోజూ గొణిగేది.

ఒక అర్ధరాత్రి వీధి తలుపు దబదబా బాదారు. ఎదురింటి అక్కకి నొప్పులు మొదలయ్యాయి. నాన్న తాళాలతో పరిగెత్తి బండిలో కూర్చుని సెల్ఫ్ కొట్టారు. పలకదు. మళ్ళీ కొట్టారు. వెనక సీట్లో ఆ అక్క మూలుగులు, వాళ్ళత్తగారి దేవుడి పేర్లు. బానెట్ ఎత్తి టార్చి వేశాక గుర్తొచ్చింది, రోటర్ జేబులో ఉందని. ఆ చొక్కా అప్పటికే విప్పేశారు. అమ్మ దాన్ని సబ్బునీళ్ళలో నానబెట్టేసింది. "ఏమండీ, ఇదా?" అంటూ అమ్మ బకెట్లోంచి మోచేతిదాకా నురగతో రోటర్ తీసుకొచ్చింది. మామ్మ దాన్ని లాక్కుని కుంపట్లో మిగిలిన వెచ్చదనం మీద తిప్పి, చీర చెరగుతో తుడిచి ఇచ్చింది. బండి స్టార్టయింది. ఆసుపత్రికి వెళ్ళిన పావుగంటకి మగపిల్లాడు. ఆ కుర్రాడికి ఇంట్లో ముద్దుపేరు రోటర్ అని పెడదామని వాళ్ళ నాన్న అన్నాడట. వాళ్ళత్తగారు ఊరుకుంటుందా.

86 ఆగస్టు గోదావరి వరదల్లో వాకిట్లోకి నీళ్ళొస్తాయనగానే నాన్న ముందు కాపాడింది బీరువాని కాదు. మూత, రోటర్, వైర్లు, బ్యాటరీ ఊడదీసి అటక మీద పెట్టారు. బీరువా సంగతి అమ్మ ఇప్పటికీ ఎత్తుతుంది.

కోటిపల్లి రేవులో కండెన్సర్, అంటే పాయింట్ల మధ్య మంట లేవకుండా చూసే చిన్న డబ్బా, పోయిన రోజు కూడా ఉంది. అప్పట్లో అక్కడ గోదావరి దాటాలంటే బండిని పంటు ఎక్కించాలి. అవతల ముక్తేశ్వరం ఒడ్డున పలకల మీదుగా దింపి ఇసుక వాలు ఎక్కించాలి, సరిగ్గా అక్కడే ఇంజన్ ఆగిపోయింది. వెనక ఎడ్లబళ్ళు, సైకిళ్ళు, అరుపులు. చీకటి పడుతోంది కాబట్టి నాన్న మూత తీసి సెల్ఫ్ కొట్టమన్నారు. పాయింట్ల మధ్య నీలంగా పెద్ద పెద్ద మంటలు. అంటే కండెన్సర్ పోయినట్టు. డిక్కీలో ఉన్న కొత్తదాన్ని లోపల బిగించే ఓపిక లేక, కాయిల్ బోల్టు కింద నొక్కిపెట్టి, దాని తీగని కాయిల్ టెర్మినల్‌కి చుట్టారు. బయట వేలాడుతూనే అది పనిచేసింది. నెల రోజులు అలాగే తిరిగాం.

నిజం చెప్పాలంటే ఆ బండి మళ్ళీ కావాలని నాకేమీ లేదు. ఇప్పుడు నా కారు బటన్ నొక్కితే స్టార్టవుతుంది, వానలోనూ స్టార్టవుతుంది, ఎవరికైనా నొప్పులొచ్చినప్పుడు అంతకన్నా ఏం కావాలి. పాతవన్నీ గొప్పవనే వాళ్ళు శీతాకాలం పొద్దున్న హ్యాండిల్ కొట్టి ఉండరు. నాకు గుర్తుండిపోయింది ఇంకోటి. ఏం చెడిపోయినా అది కంటికి కనిపించేది. గుంట, గీత, మసి, నీలం మంట. పదేళ్ళ పిల్ల వంగి చూసి "నాన్నా, ఇదిగో" అని చూపించగలిగేది.

* * *

బండి అమ్మేశాక, కొన్నేళ్ళకి అన్నయ్య నాన్నకి కొత్త కారు కొనిచ్చాడు. ఇంజెక్షన్ బండి. నాన్న మొదటిరోజే బానెట్ ఎత్తి చాలాసేపు వెతికారు. డిస్ట్రిబ్యూటర్ లేదు, పాయింట్లు లేవు. సర్వీసుకి వచ్చిన కుర్రాణ్ణి పిలిచి, "ఇందులో మనం ఏం చూసుకోవాలయ్యా?" అని అడిగారు.

"ఏం చూసుకోనక్కర్లేదు సార్. స్కానర్ పెడితే అదే చెప్పేస్తుంది."

"మరి ఆదివారం పొద్దున్న నేనేం చెయ్యాలి?"

కుర్రాడు నవ్వేశాడు. నాన్న నవ్వలేదు. ఆ మరుసటి ఆదివారం మిక్సీ విప్పారు. దానికేం జబ్బు లేదు, కార్బన్ బ్రష్షులు అరిగాయేమో చూద్దామని. ఆ తర్వాత గ్రైండరు. ఆపైన సీలింగు ఫ్యానుకి కూడా కండెన్సర్ ఉంటుందని కొత్తగా తెలుసుకున్నట్టు ఇంట్లో ఫ్యాన్లన్నీ దించారు. అమ్మ వంటింటికి తాళం వేయడం మొదలుపెట్టింది.

కానీ ఎదురింటి అక్క తర్వాత నాకు చెప్పింది. శనివారం సాయంత్రాలు అమ్మ వాకిలి ఊడ్చే వంకతో వీధంతా తిరిగి వచ్చేదట. "మీ ఇంట్లో ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందా? పోనీ ఇస్త్రీ పెట్టె? ఏదైనా సరే, రేపు పొద్దున్నే మా ఆయన దగ్గరికి పంపించండి. నేను చెప్పానని మాత్రం చెప్పకండేం."